పసినోటి తిట్టు



నేను బ్రహ్మంగారిమఠమున నివసించు విశ్రాంత ఉపాధ్యాయుడను. మా యూరికి కందిమల్లాయపల్లె యని పూర్వనామము. శివరాత్రికిని, వైశాఖమాసమున జరుగు స్వామివారి ఆరాధనకును నానాదిక్కులనుండి జనము వచ్చి చేరు స్థలమిది. ఇట్టిచోట పెరుగు బిడ్డ చెవిని భజనయు పడును, బండ్లవారి జగడమును పడును. ఈ రెంటిలో బిడ్డ దేనిని ముందుగా పట్టుకొనునని యడిగినచో ఏ తల్లియైనను ఉత్తరము చెప్పగలదు. మూడు నాలుగేండ్ల పసివాడు తిట్టు నేర్చుటయు, అది విన్న పెద్దలు చేయు పనియు నేటి ప్రసంగమునకు విషయము.

చిన్ననాట మాచేత అమరకోశము వల్లెవేయించిరి. శ్లోకము నోటికి వచ్చిన యెన్నో యేండ్లకు గాని దాని యర్థము మాకు బోధపడలేదు. సుమతిశతకమును, వేమన పద్యములును అంతే. పసివాని బుద్ధి ముందు ధ్వనిని పట్టుకొనును. అర్థము తరువాత నెప్పుడో వచ్చి చేరును. తిట్టు నేర్చు మార్గమును ఇదియే. కాని యొక భేదము కలదు. అమరకోశమునకు గురువుగారి బెత్తము కావలసివచ్చెను. తిట్టునకు ఒక్కమాఱు వినుట చాలును. ఏలయన అది చప్పగా పలికిన మాట కాదు. తండ్రి కన్నులెఱ్ఱవడినప్పుడు, కంఠము హెచ్చినప్పుడు, చుట్టునున్నవారందఱు ఒక్కసారిగా తిరిగి చూచినప్పుడు వెలువడిన మాట. బిడ్డ దాని యర్థమెఱుగడు గాని బలమెఱుగును. ఈ మాట అన్నచో పెద్దవారు కదలుదురని గ్రహించి, తానును ఒకనాడు దానిని ప్రయోగించి చూచును.

అప్పుడేమి జరుగును? బిడ్డ రెండున్నరేండ్లవాడైనచో అరుగుమీదివారందఱు పకపక నవ్వుదురు. “ఏదీ, మామను ఇంకొకసారి అను నాయనా” యని బెల్లపు ముక్క చూపువారును కలరు. ఆ బిడ్డయే ఆఱేండ్లవాడై, ఆ మాటనే, ఆ మామనే అన్నచో చెంప పగులును. నిన్నటిదాక బెల్లము తెచ్చిన మాట నేడేల దెబ్బ తెచ్చినదో వానికెట్లు తెలియవలెను? కొట్టునప్పుడైనను మనము ఊరకుందుమా? “ఎవడు నేర్పినాడురా నీకీ మాట?” యని తండ్రి యడుగుచు, ఆ యడుగుటలోనే మఱి రెండు క్రొత్తవి నేర్పును. ప్రశ్నకు ఉత్తరము అక్కడనే కలదు.

బడిలో పిల్లలను కొట్టుటను 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనున నిషేధించినది. బెత్తమున్న కాలమును, బెత్తము లేని కాలమును నేను చూచితిని. బెత్తమున్న దినములలో పిల్లల నోట తిట్లు లేకుండెనని పలువురు నిట్టూర్తురు. నేనొప్పుకొనను. అప్పుడును ఉండెను, తరగతి తలుపు దాటిన వెంటనే ఉండెను. బెత్తము నేర్పినది ఎవరి యెదుట అనరాదో యను లెక్క మాత్రమే.

అలంకారశాస్త్రమున అశ్లీలమనునది యొక దోషము. మమ్మటాదులు దానిని మూడు విధములుగా విభజించిరి: సిగ్గు కలిగించునది యొకటి, రోత కలిగించునది యొకటి, అమంగళమును స్ఫురింపజేయునది యొకటి. కవులకొఱకు చేసిన విభాగమే యైనను ఇది మన యింటి వాకిటికి బాగుగ సరిపోవును. పిల్లవాని నోట మొదటి తెగకు చెందిన మాట వచ్చినచో ఇల్లంతయు ఉలికిపడును. ఆ మాటలను నేనిచ్చట పలుకనక్కఱలేదు, మీరెఱుగుదురు. మూడవ తెగ మాటేమి? “నీ పాడె కట్ట”, “నీ నోట్లో మన్నుబడ”, “ముదనష్టపోడా” — ఇవి బూతులు కావనియే మన నమ్మకము. తల్లి పాలు త్రాగనని మారాము చేయు బిడ్డనుద్దేశించి ఇవి యనును. అవ్వ ముద్దుగా కూడ అనును. శాస్త్రకారులు మాత్రము వీనిని బూతుల పంక్తిలోనే కూర్చుండబెట్టిరి.

ఇందులో నాకు వింతగా తోచునది యొకటి కలదు. మన యాడువారు అమంగళమునకు వెఱచినంతగా మఱి దేనికిని వెఱవరు. బియ్యము అయిపోయినవని యనరు, నిండుకొన్నవందురు. దీపము ఆఱినదనరు, కొండెక్కినదందురు. గాజు పగిలిన పెరిగినదందురు. గడప దాటు బిడ్డను “పోతాను అనకూడదు, పోయివస్తాను అను” అని దిద్దుదురు. అయిపోయిన బియ్యమునకు ఇంత మర్యాద చూపు నోరు, పాలగిన్నె ఒలకబోసిన మనుమనికి పాడె కట్టును! ఆ మనుమడు మఱునాడు తన చెల్లెలిని ఆ మాటయే అన్నచో, వాడు నేర్చుకొన్నది వీథిలో కాదు.

మఱియొకటియు ఆలోచింపదగియున్నది. పురుషుని మీద కోపముతో మనము పలుకు తిట్లు ఎక్కువపాలు వానికి తగులవు. వాని తల్లికి, లేక ఆలికి తగులును. ‘ముండ’ యను మాట తల గొరిగింపబడినదను నర్థముగల సంస్కృతపదమునుండి వచ్చినది. భర్త పోయిన స్త్రీకి ఒకప్పుడు జరిగిన దానికి అది గుఱుతు. అట్టి దుఃఖము ననుభవించిన అవ్వ యే యింటిలోనైనను ఉండవచ్చును. ఆమె యెదుటనే కొడుకు ఎద్దును ఆ మాటతో అదలించును. మనుమడు దానిని మేకమీద ప్రయోగించును. ఆమె యేమియు అనదు. వినలేదని తలపవలదు.

ఇప్పుడు తప్పంతయు సెల్‌ఫోనుదని చెప్పుట వాడుకయైనది. ఫోనులో దుర్భాషలు లేకపోలేదు. పసివాని చేతికి దానిని ఇచ్చి పొలమునకు పోవుట మంచిదనియు నేననను. అయినను ఫోనులోని వానికి పిల్లవాని పేరు తెలియదు. పేరు పెట్టి పిలిచి తిట్టువారు ఇంటిలోనివారే.

భారతము ఆదిపర్వమున ఒక బాలుని నోటిమాట కథ కలదు. నన్నయగారి తెలుగున మీలో పెక్కురు చదివియుందురు. పరీక్షిన్మహారాజు వేటాడుచు, దెబ్బతిన్న మృగము జాడ తెలియక, మౌనవ్రతమున నున్న శమీకమహామునిని అడిగెను. ముని పలుకలేదు. రాజు కోపించి యొక చచ్చిన పామును ఆయన భుజముపై వేసి పోయెను. ముని కుమారుడైన శృంగితో, కృశుడను తోడివాడు “మీ తండ్రి మెడలో పీనుగు వ్రేలాడుచున్నది, నీకేల యింత గర్వము” అను రీతిని ఎత్తిపొడిచెను. శృంగికి రోషము వచ్చినది. ఏడు దినములలో రాజు తక్షకుని కాటుకు చచ్చునని శపించెను. మొదట పిల్లల నడుమ పుట్టిన మాట! అది రాజును చంపినది. రాజు కుమారుడు జనమేజయునిచేత సర్పయాగము చేయించినది. పిల్లల తగవు పెద్దల తగవై, ఆ పగ మఱియొక తరమునకు ప్రాకుట మా సీమవారికి విడమఱచి చెప్పనక్కఱలేదు.

శమీకుడు కొడుకును మెచ్చుకొనలేదు. తనకొఱకే కదా కోపించెనని మురిసిపోలేదు. కొట్టనును లేదు. కూర్చుండబెట్టి, ఆ మాట చేసిన కీడెట్టిదో, రాజు లేని రాజ్యమేమగునో, ఓర్పు విడిచినవాని తపస్సేమగునో వివరించి చెప్పెను. అంతటితోను ఊరకుండక గౌరముఖుడను శిష్యుని రాజునొద్దకు పంపి, మా పిల్లవాని నోట ఇట్టి మాట వచ్చినది, జాగ్రత్తపడుమని యెఱిగించెను. శాపము మఱలలేదు. అయినను తండ్రి తన పని మానలేదు.

ఈ రెండవ పనిని మనము పూర్తిగ మఱచితిమి. పిల్లవాడు తిట్టినచో వానిని లోపలికి ఈడ్చుకొనిపోయి దండింతుము. తిట్టు తిన్నవాడు వాకిట నిలిచియే యుండును. నేను చూచిన ఒక యింటిలో పెద్దాయన అట్లు చేయలేదు. ఐదేండ్ల మనుమడు చాకలి యామెను అనరాని మాట అనగా, ఆయన నవ్వలేదు, అఱవలేదు. చేయి పట్టుకొని ఆమె యింటిదాక నడిపించుకొనిపోయి, “అమ్మా, మావాడు నిన్ను మాట అన్నాడు, ఆ మాట మా యింటిది కాదని చెప్పడానికి వచ్చినాము” అనెను. పిల్లవాడు ఒక్క మాటయు పలుకలేక ఆయన పంచె వెనుక దాగెను. ఆమె వానికి చెనిగకాయలు పెట్టి పంపినది. ఆ నడక రెండు వీథుల దూరము. దారిలో నున్నవారందఱు ఎక్కడికని యడిగిరి, ఆయన అందఱికిని చెప్పెను. తక్కువ కులముదనుకొన్నవారి యింటికి పెద్దవాడు స్వయముగ పోవుటయా యని గొణిగినవారును ఉండిరి. వారిని ఆయన లెక్కచేయలేదు.

మూడేండ్ల లోపలి బిడ్డకు ఇంత యక్కఱలేదు. నవ్వకుండుట, తిరిగి చూడకుండుట చాలును. బలము లేని మాటను బిడ్డ తానే విడుచును. అయితే ఆ సంయమము ఇంటిలోని యందఱికిని ఉండవలెను. తల్లి ఊరకున్నప్పుడు మేనమామ కిచకిచ నవ్వినచో పని చెడును. అర్థము తెలిసికొనగల యీడు వచ్చినవానికి అర్థము చెప్పవలసినదే. చెప్పుటకు మనకు సిగ్గైనచో ఆ మాటను మనము వాడుటకును సిగ్గు కావలెను గదా.

బిడ్డకు కోపము రాకుండ చేయుట ఎవరి తరమును కాదు. కోపమునకు ఒక మాట కావలెను. దానికి మన భాషలోనే యుపాయము కలదు. “నీ ఇల్లు పాడుగాను” అనుటలోని ‘గాను’ యే “నీ ఇల్లు బంగారంగాను” అనుటలోను ఉన్నది. శాపమునకును దీవెనకును క్రియ యొక్కటే. నడుమ పదము మాత్రము మాఱును. పూర్వము కొందఱు అవ్వలు పండ్లు కొఱుకుచు ఈ రెండవ దానిని అనెడివారు, కోపమునకు ఏమియు లోపము రాకుండ.

మా వీథిలో డెబ్బది దాటిన యొక జేజి, కోడలు పట్టుపట్టగా, పాత వాడుక విడిచి దీనిని పట్టుకొన్నది. మొన్న ఆమె మనుమరాలు, నాలుగేండ్లది, చిక్కుడు పాదును మేయుచున్న పొరుగింటి మేకను పుల్లతో తఱుముచు, “నీ ఇల్లు బంగారంగాను! నీ ఇల్లు బంగారంగాను!” అని వీథి చివరిదాక అఱచుచు పోయినది.