ఆఫీసు యంత్రం ఇంటికి పనికి వస్తుందా?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతిసారి డి.ఆర్. గురించి, హెల్త్ కార్డుల గురించే మాట్లాడుకుంటున్నాము, ఈసారి ఇంటి విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను సర్వీసంతా నోట్ ఫైళ్ళు రాసిన గుమాస్తాను. ఇది కూడా అట్లాగే ఉంటుంది, మన్నించగలరు. విషయం వాక్యూమ్ క్లీనర్. అందులోనూ ఆఫీసులలో, హోటళ్ళలో వాడే పెద్ద రకం మన ఇంటికి అవసరమా అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్న నాకెందుకు వచ్చిందో ముందు మనవి చేస్తాను. మా ఇంటామె పుట్టినిల్లు మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడు నీళ్ళు ఎముకలను ఏమి చేస్తాయో నల్లగొండ వాళ్ళకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ నీళ్ళను పటిక, సున్నం వేసి శుద్ధి చేసే పద్ధతికే మన ఊరి పేరు పెట్టినారు. ఆమె నడుము వంగదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. పొరక పట్టాలంటే వంగక తప్పదు గదా. అయినా నలభై ఏండ్లు ఊడ్చింది. ఇప్పుడు పనిమనిషి పొద్దున ఒక్కసారి వచ్చి పోతుంది. మా ఇల్లు రోడ్డు మీద ఉంది. ఎండకాలం పొద్దున ఊడిస్తే పగటి వరకు బండల మీద కాలు పెడితే గరగరమంటుంది. అది ఆమెకు పడదు. ఎవరూ చూడకుండా పొరక అందుకుంటుంది, రాత్రి మూలుగుతుంది.

2021లో దసరా ముందర మా పెద్దవాడు హైదరాబాద్ నుండి ఒక యంత్రం తెచ్చినాడు. "నాయినా, ఇది ఇండ్లల్ల వాడేది కాదు, ఆఫీసులల్ల వాడేది. పది మిషన్ల బలముంటది" అన్నాడు. స్టీలు డ్రమ్ము, 30 లీటర్లది. 1600 వాట్ల మోటారు. దుమ్మునూ పీలుస్తుంది, నీళ్ళనూ పీలుస్తుంది, వెనక నుండి గాలి ఊదుతుంది. నాలుగు చక్రాలు, పొడుగు వైరు. 11 వేల చిల్లర అయిందట. మా ఇంటామె దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, "బాగుంది గని, గీ డ్రమ్మును ఎవరు లేపాలె?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న ఆనాడే పట్టించుకొని ఉంటే ఈ ప్రసంగం ఉండకపోను.

నిజానికి ఈ యంత్రం పుట్టిందే వ్యాపారం కోసం. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు చేసిన యంత్రాన్ని గుర్రపు బండి మీద తెచ్చి వీధిలో నిలబెట్టి, కిటికీల గుండా పైపులు లోపలికి వేసి దుమ్ము లాగేవారు. దాన్ని చేతిలో పట్టేంత చిన్నది చేసిన వాడు అమెరికాలోని ఒహాయోలో ఒక దుకాణం ఊడ్చే ముసలాయన, జేమ్స్ స్పాంగ్లర్. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడు లేచే దుమ్ముకు తాళలేక 1907లో ఫ్యాను మోటారుకు దిండు గలీబు, పొరక కట్టె బిగించి తయారు చేసుకున్నాడు. తర్వాత ఆ పేటెంటు హూవర్ వారి చేతికి పోయింది. మన దగ్గర 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ వారి కుర్రవాళ్ళు టై కట్టుకొని ఇంటింటికి వచ్చి, మన పరుపులోని దుమ్ము మనకే చూపించి సిగ్గుపడేటట్లు చేసింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇక మా ఇంటి సంగతి. మొదటి చిక్కు ప్లగ్గు దగ్గరే వచ్చింది. 1600 వాట్లు అంటే దాదాపు 7 ఆంపియర్లు. గోడకు ఉండే మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. పెద్ద ప్లగ్గు మాకు వంటింట్లో ఒకటే ఉంది. వైరు ఎంత పొడుగున్నా వంటింటి నుండి వసారా దాకా నేల మీద పాములాగా పడి ఉండవలసిందే. మూడో రోజు ఆమె కాలు ఆ వైరుకు తట్టింది. బీరువా పట్టుకొని నిలదొక్కుకుంది కాబట్టి సరిపోయింది. మన వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో, మన సంఘంలో ఎందరి ఇండ్లకు పరామర్శకు పోయి వచ్చినామో మీకు తెలియనిది కాదు. పెద్ద హాలులో, జనం లేని వేళ, బూట్లు వేసుకున్న మనిషి పని చేసేటప్పుడు పొడుగు వైరు సుఖమే. ముసలివాళ్ళు తిరిగే ఇంట్లో అదే ఉరితాడు.

నీళ్ళు పీల్చడం మాత్రం నిజంగా గొప్ప గుణమే. ఒకనాడు బట్టల మిషను పైపు ఊడి వంటిల్లంతా నీళ్ళయినవి. అయిదు నిమిషాలలో లాగేసింది. (మామూలు పొడి యంత్రంతో ఈ పని ఎన్నడూ చేయకూడదు, కరెంటు కొడుతుంది.) కాని లోపలి కాగితపు ఫిల్టరు తీయడం నేను మరచినాను, అది అంబలి అయింది. ఆ తర్వాత చూస్తే డ్రమ్ములో ఇరవై లీటర్ల నీళ్ళు, అంటే ఇరవై కిలోలు. దాన్ని లేపి బాత్రూములో వంచే దిక్కెవరు? అర్ధగంట సేపు చెంబుతో తోడి పోసినాను. అడుగున నీళ్ళు వదిలే బిరడా ఉన్న రకాలు కూడా ఉన్నవని అటు తర్వాత తెలిసింది.

నిలబడి నేల శుభ్రం చేసుకోవచ్చు గదా అని మేము యంత్రం తెచ్చుకున్నాము. అది నిజమే. గొట్టం పొడుగుంటుంది, వంగే పని లేదు. కాని డ్రమ్ము ఖాళీ చేయాలంటే వంగాలి, వైరు చుట్టాలంటే వంగాలి, గడప దాటించాలంటే వంగి ఎత్తాలి. పొరకకు వంగిన దానికంటె దీనికి ఎక్కువ వంగవలసి వచ్చింది. మా పనిమనిషి కూడా రెండు రోజులు చూసి, "అమ్మా, నా పొరక నాకే ఇయ్యుండ్రి" అన్నది.

వాట్ల మోజు గురించి ఒక మాట. వాట్లు చెప్పేది మోటారు తినే కరెంటును, పీల్చే బలాన్ని కాదు. యూరప్ దేశాలలో 2017 నుండి 900 వాట్లకు మించిన ఇంటి యంత్రాలను అమ్మనీయడం లేదు. వాళ్ళవి తివాచీల ఇండ్లు, మనవి షాబాద్ బండలు. బండల మీద దుమ్ము పైపైనే ఉంటుంది. సందులలో ఇరికిన దానికి సన్నటి మూతి చాలు, బలం అక్కర లేదు. గాలి ఊదేది కూలర్ గడ్డి దులపడానికి బాగుంది. ఇంట్లో ఊదితే మన దుమ్ము పక్కింటి వాళ్ళకు పోతుంది.

పెద్ద యంత్రం నుండి ఇంటికి తెచ్చుకోదగిన సుగుణం నాకు పాలమూరులో కనిపించింది. మా వియ్యంకుల వారికి ఉబ్బసం. వారి ఇంట్లో ఉన్నది చిన్న యంత్రం, నాలుగు కిలోలు. కాని దానికి ఆసుపత్రులలో వాడే తరహా హెపా ఫిల్టరు ఉంది. అమెరికా కొలత ప్రకారం 0.3 మైక్రాన్ల కణాలను నూటికి 99.97 వంతులు పట్టాలి. మా డ్రమ్ము కాగితపు ఫిల్టరు నుండి సన్న దుమ్ము వెనకవైపు పొగలాగా వచ్చేది. ముందర పీల్చి వెనక వదిలితే ఊడ్చినట్లా, కలిపినట్లా? అయితే హెపా అని అట్ట మీద రాసి ఉంటే చాలదు. డబ్బా మూతలు గట్టిగా బిగియాలి, లేకుంటే గాలి ఫిల్టరును తప్పించుకొని సందులోంచి పోతుంది. ఫిల్టరు మార్చడానికి మన ఊళ్ళో దొరుకుతుందా అన్నది కూడా కొనకముందే అడగాలి. విడిభాగాలు విడివిడిగా దొరకడం, స్క్రూ తిప్పితే ఊడిరావడం, ఇవి ఆఫీసు యంత్రాల మంచి అలవాట్లు. ఇంటి రకాలలో చాలావాటికి అది లేదు.

వైరు లేని కట్టె రకం కూడా చూసినాము. తేలిక. కాని కొన్నింటికి మీట నొక్కి పట్టుకునే ఉండాలి, కీళ్ళ నొప్పుల వేళ్ళకు అది కాదు. ఒక్కసారి నొక్కితే నడిచేది అడిగి తీసుకోవాలి. తనంత తానే తిరిగే రోబో మా అల్లుడి ఇంట్లో ఉంది. మన ఇండ్ల గడప ముందర అది పెండ్లికొడుకు లాగా ఆగిపోతుంది.

చివరకు మేము వియ్యంకుల వారి రకమే తీసుకున్నాము. కొనే ముందు దుకాణంలో మా ఇంటామెను పట్టి చూడమన్నాను. ఒక చేత్తో లేపింది, వంగకుండా డబ్బా తీసింది, మళ్ళీ పెట్టింది. దుకాణం వాడు వాట్లు చెప్పబోతే, "అవి మా సారుకు చెప్పు నాయినా" అన్నది. పగటి పూట గరగరమంటే ఇప్పుడు తానే నిలబడి పది నిమిషాలు నడిపిస్తుంది.

పెద్ద డ్రమ్మును మా వాడి అనుమతితో మన సంఘం హాలుకు తెచ్చినాను. ఇక్కడ గడపలు లేవు, పెద్ద ప్లగ్గు ఉంది, వంద కుర్చీల కింది దుమ్ము ఉంది, లేపడానికి మన అటెండరు ఉన్నాడు. అదిగో, ఆ మూలకు ఉంది. ఇంటికి ఇటువంటిది కొనాలని ఎవరికైనా ఉంటే, భోజనాలకు పోయే ముందు ఒక్కసారి దాన్ని లేపి చూసి పోగలరని మనవి.