మహానంది నీళ్లు నిజంగా వేడినీళ్లేనా?

"బ్రో, మహానందిలో వేడినీటి ఊట ఉందంట కదా, ఫ్యామిలీతో పోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు.

పోవచ్చు. కానీ రిసార్టు అనుకొని పోవద్దు. నంద్యాల దగ్గర, నల్లమల కొండల కింద ఉన్న శివాలయం అది. ఊటనీళ్లు కోనేటిలోకి వస్తుంటాయి.

డిసెంబర్ తెల్లారుజామున దిగినోళ్లు "వెచ్చగున్నాయి" అంటారు. అబద్ధం కాదు. భూమి లోపలి నీళ్లకు ఎండా చలీ పెద్దగా తగలవు, ఏడాదంతా దాదాపు ఒకే టెంపరేచర్. అవే నీళ్లు చలికాలం వెచ్చగా, మే ఎండలో చల్లగా అనిపిస్తాయి. థంబ్‌నెయిల్లో పొగలు పెట్టినోళ్లను నమ్మొద్దు! నిజమైన వేడినీళ్లు చూడాలంటే తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరుకు పోవాలి. అక్కడ బోరులోంచే వేడిగా పొంగుతాయి. సింగరేణి ఆ వేడితో కరెంటు తీసే ప్లాంటు కూడా పెట్టింది.

ఇప్పుడు పిల్లల సంగతి, ఇది స్కిప్ చేయొద్దు. మహానంది కోనేరు అద్దంలా ఉంటుంది, అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా కనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. ఇంటర్ ఫిజిక్స్‌లో వక్రీభవనం గుర్తుందా? ఐదడుగుల లోతు పైనుంచి చూస్తే నాలుగడుగులు కూడా లేనట్టు ఉంటుంది. కోనేరు లోతు దాదాపు ఆ ఐదడుగులే. ఆరేళ్ల పిల్లోడు మునిగిపోతాడు. మీరు ముందు దిగి, చెయ్యి పట్టుకొని దింపండి. రీల్ తర్వాత తీసుకోవచ్చు. అవ్వకు మెట్ల మీదే చెంబుతో పోయండి.

సబ్బు, షాంపూ మాత్రం వద్దు. ఆ నీళ్లు అక్కడితో ఆగవు, కింద అరటితోటలకు పారతాయి.