జెండా బొమ్మ వెనకాల రెండక్షరాలు

(క్వేకర్స్ హిల్‌లో మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈస్టర్న్ క్రీక్ వేర్‌హౌసుల్లో నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోను. మాట్లాడేది మన ఫోన్లలో ఉండే చిన్న జెండా బొమ్మ గురించి. ఇదీ ఒక విషయమేనా అని నవ్వుకోకండి, డబ్బులు పోయే దారి కూడా అందులో ఉంది.

ఇండియా జెండా, విమానం, ఆస్ట్రేలియా జెండా వరసగా పెడితే బయల్దేరాం అని అర్థం. పేరు పక్కన జెండా ఉంటే అది ఏ దేశం నంబరో గుర్తు. క్రికెట్ రోజున మాత్రం ఒకే ఇంట్లో తండ్రిది ఒక జెండా, ఇక్కడ పుట్టిన పిల్లాడిది ఇంకో జెండా!

జనవరి 26 వస్తే మనకు అక్కడ గణతంత్ర దినోత్సవం, ఇక్కడ ఆస్ట్రేలియా డే. రెండు జెండాలూ కలిపి అందరికీ పంపేస్తాం. కానీ 1788లో సిడ్నీ కోవ్‌లో బ్రిటిష్ జెండా ఎగరేసిన రోజు అది. ఈ నేల మొదటి ప్రజలు 1938లో అదే రోజున సిడ్నీలో సంతాప దినం జరిపారు. కాబట్టి తోటి పనివాళ్ళలో ఎవరైనా మీ శుభాకాంక్షలకు జవాబివ్వకపోతే ఏమీ అనుకోకండి. హెరాల్డ్ థామస్ 1971లో రూపొందించిన వాళ్ళ నలుపు, ఎరుపు, పసుపు జెండాకు 1995లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది గానీ ఫోన్లలో దానికి ఎమోజీయే లేదు. నాకైతే అది వెలితిగానే అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ జెండా ఎమోజీ నిజానికి బొమ్మగా ప్రయాణం చేయదు. మన ఫోను పంపేది రెండు అక్షరాల సంకేతాలు మాత్రమే. ఇండియాకు ఐ, ఎన్. ఆస్ట్రేలియాకు ఎ, యు. అందుకున్న ఫోను ఆ జంటను చూసి జెండా గీసుకుంటుంది. ఈ సంకేతాలు యూనికోడ్‌లోకి 2010లో వచ్చాయి. విండోస్ కంప్యూటర్లో చాలాసార్లు జెండాకు బదులు ఆ అక్షరాలే కనబడతాయి. కంప్యూటర్ పాడైందని కంగారు పడకండి. ఎ పక్కన యు కాకుండా టి పడితే అది ఆస్ట్రియా. అందుకే ఊర్నుంచి అమ్మ పంపే శుభాకాంక్షల్లో ఒక్కోసారి ఎరుపు, తెలుపు, ఎరుపు పట్టీలు వస్తుంటాయి. న్యూజీలాండ్‌తోనూ ఇదే తికమక. వాళ్ళవి నాలుగు ఎర్ర నక్షత్రాలు, ఇక్కడివి ఆరు తెల్లవి.

అంటే కీబోర్డు ఉన్న ఎవరైనా ఏ జెండా అయినా పెట్టుకోవచ్చు. అది ప్రభుత్వ ముద్ర కాదు, లైసెన్సు అంతకన్నా కాదు. "ఆస్ట్రేలియా వీసా సేవలు" అని పేరు, పక్కన జెండా, ఒక కంగారూ, ఒక పచ్చ టిక్కు. స్పాన్సర్‌షిప్ రెడీగా ఉంది, అడ్వాన్స్ పంపండి అని మెసేజ్. ఊళ్ళో తమ్ముడో బావమరిదో అది చూసి, జెండా ఉంది కదా, ఆఫీసువాళ్ళే అయ్యుంటారు అనుకుంటాడు. పొలం తాకట్టు పెట్టడానికి ఆ ఒక్క నమ్మకం చాలు.

స్పాన్సర్‌షిప్‌కు బదులుగా డబ్బు అడగడం, ఇవ్వజూపడం, రెండూ ఇక్కడ చట్టవిరుద్ధం. వీసా సలహా ఇచ్చే మైగ్రేషన్ ఏజెంటుకు ఏడంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఓమారా అనే ప్రభుత్వ కార్యాలయం రిజిస్టరులో ఆ నంబరు కొట్టి ఇండియా నుంచి కూడా చూసుకోవచ్చు, ఖర్చు లేదు. నంబరు దొరికినా, అందులో ఉన్న పేరూ మీతో మాట్లాడేవాడి పేరూ ఒకటేనా అని చూడాలి, ఎందుకంటే వేరేవాళ్ళ నంబరు వాడుకునే ఘనులూ ఉంటారు. వెబ్‌సైటు చివర డాట్ గవ్ డాట్ ఏయూ ఉందో లేదో కూడా చూడమనండి.

ఆ రిజిస్టరులో ఎలా వెతకాలో టీ తాగేటప్పుడు చూపిస్తాను, ఫోన్లు తీసి ఉంచుకోండి. ఎవరికైనా ఇంటి దగ్గర్నుంచి అలాంటి మెసేజ్ వచ్చి ఉంటే దాన్నే ముందు చూద్దాం.