కంప్యూటరు ఆన్ కాకపోతే...

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో, హోసూరులో కంప్యూటర్లు బాగుచేసే మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇరవై ఏళ్లకు పైగా హోసూరులో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. చదువు విలువ గురించి చెప్పడానికి ఈ వేదిక మీద నాకన్నా పెద్దలున్నారు. అందుకని నాకు తెలిసిన ఒక్క విషయమే చెబుతాను. ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరు ఆన్ కాకపోతే ఏం చేయాలి?

ఈ సభలో ఆ మాట ఎందుకని మీరు అనుకోవచ్చు. మన ఇళ్లలో చాలావాటిలో కంప్యూటరు ఒక్కటే ఉంటుంది. అన్న వాడినదే తమ్ముడికీ చెల్లికీ. పరీక్ష ఫీజు కట్టవలసిన వారంలోనో, ప్రాజెక్టు ఇవ్వవలసిన ముందు రోజో అది ఆగిపోతే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. ఆ కంగారులో, ఈ రోజు మీ చేతికి వస్తున్న ఈ డబ్బే కొత్త మదర్‌బోర్డుకో, కొత్త సెట్టుకో వెళ్లిపోతుంది. పైసా ఖర్చు లేకుండా లేచిన కంప్యూటర్లను నేను ఎన్నో చూశాను.

గులాబీ తోటలో పనిచేసే ఒక తండ్రి ఒకసారి కంప్యూటరు మోసుకొచ్చాడు. "అన్నా, మదర్‌బోర్డు పోయిందంట. కొత్తది కొనాల్నంట. పాప ప్రాజెక్టు అంతా దీంట్లోనే ఉంది" అన్నాడు. వేరే చోట చూపించి వచ్చాడు. స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు. ర్యామ్ తీసి, దాని అంచున ఉన్న బంగారు రంగు పట్టీని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, తిరిగి గట్టిగా కూర్చోబెట్టాను. బొమ్మ వచ్చింది. మొదట చూసినవాళ్లు మోసం చేశారని నేను అనను. ఏ లైటు వెలిగింది, ఏ శబ్దం వచ్చింది అని వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. "ఆన్ కావడం లేదు" అన్న ఒక్క మాట మీదే బేరం నడిచింది.

నిజానికి ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. మీ కంప్యూటరుది ఏదో ముందు తేల్చుకోండి. ఒకటి, లైటూ లేదు, ఫ్యానూ లేదు. రెండు, ఫ్యాను తిరుగుతుంది, తెర మీద బొమ్మ లేదు. మూడు, కంపెనీ పేరు వచ్చి, డిస్కు దొరకలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి ఆగుతుంది. నాలుగు, విండోస్ సగం వచ్చి ఆగిపోతుంది, లేదా మళ్లీ మళ్లీ మొదటికి వస్తుంది.

మొదటిది కరెంటు సంగతి. గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి. అదే ప్లగ్గులో సెల్‌ఫోన్ ఛార్జరు పెట్టి చూడండి. తరువాత యూపీఎస్. దానిలోని బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. బ్యాటరీ పూర్తిగా పోతే కొన్ని యూపీఎస్‌లు అసలు ఆన్ కావు, మనమేమో కంప్యూటరు పోయిందనుకుంటాం. యూపీఎస్‌ను పక్కన పెట్టి, కంప్యూటరు వైరును నేరుగా గోడకున్న మూడు పిన్నుల ప్లగ్గులో పెట్టండి. చాలా మానిటర్లకు కూడా అదే రకం వైరు ఉంటుంది, దాన్ని మార్చి చూస్తే వైరు మంచిదో కాదో తెలిసిపోతుంది. పెట్టె వెనక ఎస్‌ఎంపీఎస్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది ఆగిపోయి ఉండవచ్చు. ఇవన్నీ అయ్యాక వైరు పూర్తిగా పీకి, ఆన్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ వైరు పెట్టి చూడండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌నో, ముందున్న బటన్‌నో అనుమానించాలి. అది మెకానిక్ పని.

రెండవది, ఫ్యాను తిరిగి బొమ్మ రానిది. ముందు మానిటరును చూడండి. సిగ్నల్ లేదని అది చెబుతుంటే మానిటరు బతికే ఉందని అర్థం. దాని వైరు రెండు వైపులా గట్టిగా ఉందా? విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఆ వైరు కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. తరువాత ర్యామ్. కరెంటు వైరు పీకేసి, పెట్టె ఇనుప భాగాన్ని చేత్తో తాకి, అప్పుడు పని మొదలుపెట్టాలి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్‌లకు చేటు. ర్యామ్‌లు రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. బీప్ శబ్దాలు వస్తే ఎన్ని, పొడవా పొట్టా రాసుకోండి. వాటి అర్థం కంపెనీని బట్టి మారుతుంది, మదర్‌బోర్డు పుస్తకంలో ఉంటుంది. గడియారం పాత తేదీకి పోతుంటే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయిందని అర్థం. దాని నంబరు సీఆర్ 2032, మూడు వోల్టులది, చవకగా దొరుకుతుంది.

మూడవదానికి మొదట చూడవలసింది పెన్‌డ్రైవు. ముందు రోజు పెట్టి మరిచిపోయి ఉంటే కంప్యూటరు విండోస్ కోసం దానిలో వెతుకుతుంది. తీసేసి చూడండి. అది కాకపోతే హార్డ్‌డిస్కు వైరు వదులై ఉండవచ్చు. డిస్కు నుంచి టక్, టక్ అని శబ్దం వస్తే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి ఫైళ్లు దక్కే ఆశ తగ్గుతుంది.

నాలుగవదానిలో యంత్రం చాలావరకు బాగానే ఉండవచ్చు, విండోస్‌కే దెబ్బ తగిలి ఉంటుంది. కొత్తగా తగిలించిన ప్రింటరు వంటివి తీసేయండి. విండోస్ 10, 11 వరుసగా కొన్నిసార్లు మొదలు కాలేకపోతే మరమ్మతు తెర తానే వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్ ఉంటాయి, అవి ప్రయత్నించండి. ఫార్మాట్ చేస్తామని ఎవరన్నా అంటే, ముందు ఫైళ్లు బయటికి తీసి ఇవ్వమని అడగండి. యంత్రాన్ని మళ్లీ కొనుక్కోవచ్చు, ఆరు నెలల ప్రాజెక్టును ఏ కొట్లోనూ కొనలేం.

పిల్లలూ, మీ చేయి ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకినా దానిలోని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. కాలిన వాసన వచ్చినా, పొగ వచ్చినా, పెట్టె ముట్టుకుంటే షాకు కొట్టినా గోడ దగ్గర స్విచ్ ఆపేసి పెద్దలకు చెప్పండి. షాకు కొడితే ఎర్తింగు సరిగా లేకపోవచ్చు, ఎలక్ట్రీషియన్ చూడాలి. ఉరుములు మెరుపులప్పుడు ప్లగ్గు పీకేయడం మంచిది. చిన్న పిల్లలు ఒంటరిగా పెట్టె విప్పకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో, కంప్యూటరు తెర మీద ఇంగ్లీషు. తెర మీద వచ్చిన వాక్యం మీకు అర్థం కాకపోతే సిగ్గుపడవలసిన పని లేదు. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి మెకానిక్‌కు చూపించండి. షాపుకు వెళ్లే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: ఆగిపోయే ముందు ఏం చేశారు, ఏం కనిపించింది, ఏం వినిపించింది, మీరు ఏమేం చూశారు. చూసినందుకు ఎంత తీసుకుంటారో ముందే అడగండి. ఏదైనా మారిస్తే పాతది తిరిగి ఇమ్మనండి. నిజాయతీగా పనిచేసేవాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, అతని పని కూడా తేలికవుతుంది.

ఇంతసేపూ నేను చెప్పినదాంట్లో సూత్రం ఒక్కటే. బయటి నుంచి లోపలికి రావాలి, ఒకసారి ఒక్కదాన్నే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. మూడు ఒకేసారి మారిస్తే కంప్యూటరు లేచినా దేనివల్ల లేచిందో తెలియదు. మీ కాలేజీ ల్యాబులో చేసే ప్రయోగానికైనా, తప్పు వచ్చిన లెక్కకైనా ఈ పద్ధతే పనికొస్తుంది.

ఉపకార వేతనం అందుకున్న పిల్లలకు నాదొక కోరిక. ఈ నాలుగు ముక్కలు నేర్చుకుని, మీ వీధిలో మరో ఇంట్లో కంప్యూటరు ఆగినప్పుడు వెళ్లి ప్లగ్గు, యూపీఎస్, వైర్లు చూసి రండి. ఆ ఇంటివాళ్లకు కొన్ని వేలు మిగలవచ్చు, మరో బిడ్డ చదువు ఆగకుండా సాగవచ్చు. మీరందరూ బాగా చదివి పైకి రావాలని కోరుకుంటున్నాను.