అడుగకయే పలికిన యంత్రము



మొన్నటి వేసవిలో నా పూర్వశిష్యుడొకడు నేల తేమను కొలుచు యంత్రము నొకదానిని కట్టి తెచ్చెను. అందు 741 అను ఆపరేషనల్ యాంప్లిఫయరు కలదు. ఇది 1968లో అమెరికాయందు ఫెయిర్‌చైల్డు సంస్థవారు వెలువరించినది. ప్రవేశమును భూమికి కలిపి, లోపలికేమియు పంపకున్నను, ముల్లు ఇంచుమించు 80 మిల్లీవోల్టులు చూపుచుండెను. అతుకులు సరిగా వేయలేదని వానిని నలుగురిలో మందలించితిని. వాడు మారు పలుకలేదు.

ఆ రాత్రి లెక్క కట్టి చూచితిని. దోషము అతుకులలో లేదు.

యాంప్లిఫయరు ముంగిట రెండు ట్రాన్సిస్టరులుండును. ట్రాన్సిస్టరన చెరువు తూమువంటిది. బేసునందలి స్వల్పప్రవాహము కలెక్టరునందలి పెద్దప్రవాహమును నడపును. నీరుగంటికి మేర కొలిచినట్లు, బేసునకును కొంత ముట్టవలసినదే. 741లో ఈ మేర సాధారణముగా 80 నానోఆంపియరులు. నానో యనగా నూరుకోట్లలో నొకవంతు. ఇంత స్వల్పము నెవరు లెక్కింతురు? కాని శిష్యుడు వెనుకకు కలిపిన నిరోధకము 10 లక్షల ఓములది. రెంటిని గుణించిన 80 మిల్లీవోల్టులే!

దీనికి పరిహారము కలదు. ముందరి నిరోధకమును 10 లక్షలదే గాన, రెండవ ద్వారమున 5 లక్షల ఓములు చేర్చిన రెండు మేరలును ఒండొంటిని త్రోసివేయును. అయితే ఆ మేరలు సరిసమానములు కావు. భేదము సాధారణముగా 20 నానోఆంపియరులు గాన 20 మిల్లీవోల్టులు మిగులును. అదియు వలదన్నచో ముంగిట ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరులుగల టీఎల్081 వంటిది వాడవలెను. అందు మేర వేయవవంతుకంటెను తక్కువ.

నలుగురిలో మందలించితిని గాన నలుగురిలోనే నా తప్పు నొప్పుకొంటిని. వాడు నవ్వి, ఆ 5 లక్షల ఓముల నిరోధకమును నాచేతనే అతికించెను.