పేన్‌ను మనసులో పెట్టుకుని పట్నం పోదాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో గోండు యువతీ యువకులను ఉద్దేశించి ఒక గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఆగస్టు 9. డోలు, పెప్రే మోగుతుంటే మనందరి భుజాలు వాటంతట అవే కదులుతున్నాయి. మన ఊళ్లో, మనవాళ్ల మధ్య మన దేవుణ్ణి తలచుకోవడం ఇంత సులువు. కానీ రేపు మీలో చాలామంది హైదరాబాదుకో, వరంగల్‌కో, ఇంకా దూరమో పోతారు. అక్కడ డోలు మోగదు. మన పండుగ ఎప్పుడో అక్కడి క్యాలెండర్‌లో ఉండదు. అక్కడ మన నమ్మకాన్ని ఎట్లా నిలుపుకోవాలి? మేము వార్డెన్లం, టీచర్లం మీతో మాట్లాడదామనుకున్నది ఈ ముచ్చటే.

హాస్టల్‌కు వచ్చే పిల్లలను మేము ఏళ్లుగా చూస్తున్నాం. మొదట మారేది బట్టలు కాదు, మాట. ఫోన్‌లో తల్లితో గోండి మాట్లాడే పిల్ల, పక్కన ఎవరైనా నిలబడగానే తెలుగులోకి మారిపోతుంది. తరువాత ఇంటిపేరు పొట్టి అక్షరమైపోతుంది. ఆ తరువాత ఎవరో ఒకరు అడుగుతారు, "మీ దేవుడెవరు? ఫొటో ఏది?" అని. జవాబు తెలియక పిల్లలు తల దించుకుంటారు. అడిగినవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. వాళ్లకు నిజంగానే తెలియదు. కష్టమంతా మనకూ తెలియకపోవడంలోనే ఉంది.

కాబట్టి ముందు మన జవాబు మనం నేర్చుకుందాం. మన పెర్సాపేన్‌కు పటం లేదు. పేన్ ఉన్నది మన గోత్రంలో, మన గట్టులో. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల గట్లుగా మన సగలు ఉన్నాయి. ఇంటిపేరు చెప్పగానే మీరు ఎన్ని దేవతలవారో, ఎవరు మీకు అన్నదమ్ములో, ఎవరింటికి పిల్లనివ్వవచ్చో పెద్దలు చెప్పేస్తారు. అంటే ఇంటిపేరే మనకు సగం దైవం. దాన్ని కుదించుకోకండి. హాజరు పట్టీలో, సర్టిఫికెట్‌లో, పరిచయంలో పూర్తిగా చెప్పండి. ఎవరైనా అడిగితే, "మా దేవుడు పటంలో ఉండడు, మా కుటుంబం మొత్తం కలిసినప్పుడు ఉంటాడు" అని నవ్వుతూ చెప్పండి. అంతకంటే పెద్ద వాదన అక్కర్లేదు.

రెండో మాట. దూరం అనేది మన నమ్మకానికి కొత్త కాదు. మెస్రం వంశీయులను చూడండి. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబాకు పూజ చేయడానికి ముందు వాళ్లు కాలినడకన జన్నారం మండలంలోని గోదావరి హస్తినమడుగుకు పోయి, గంగాజలం తెస్తారు. దారిలో ఎన్నో ఊళ్లు, ఎన్నో రకాల మనుషులు. ఎవరితో గొడవ పెట్టుకోరు, ఎవరి కోసం నియమం తప్పరు. అమావాస్య రాత్రి మహాపూజ. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా అప్పుడే. వేరే ఇంట పుట్టి వచ్చిన పిల్లను దేవుడి ముందు నిలబెట్టి, ఈమె ఇక మనది అని చెప్పే ఆచారం అది. కొత్త చోటికి వచ్చిన మనిషిని ఎట్లా కలుపుకోవాలో మన పెద్దలకు ఎప్పుడో తెలుసు.

1940లో కుమ్రం భీం అమరుడయ్యాక, మన గోస తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. నాగోబా జాతరలో దర్బారు మొదలైంది ఆ తరువాతే. అధికారులు మన దగ్గరికి, మన దేవుడి సన్నిధికి వచ్చి మన కష్టం వినాలనేది దాని అర్థం. మన నమ్మకం ఉన్న చోటే మన హక్కుల మాట కూడా పుట్టింది. ఈ రెండింటినీ విడదీసి చూడకండి. 2022 డిసెంబరులో తెరుచుకున్న నాగోబా కొత్త రాతి గుడిని మెస్రం వంశీయులు తమలో తామే చందాలు వేసుకుని కట్టుకున్నారు. వ్యవసాయం చేసేవాళ్లూ ఇచ్చారు, చదువుకుని ఉద్యోగాలకు పోయినవాళ్లూ ఇచ్చారు. ఊరు విడిచినంత మాత్రాన దేవుణ్ణి విడవలేదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మూడో మాట చట్టం గురించి. మీరు కాలేజీలకు పోతున్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి మనిషికీ తన అంతరాత్మ ప్రకారం నమ్మే స్వేచ్ఛ ఇచ్చింది. 28వ అధికరణ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ, సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో మీ సమ్మతి లేకుండా, మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా, మతబోధలో గానీ ప్రార్థనలో గానీ పాల్గొనమని బలవంతపెట్టకూడదు. 29వ అధికరణ మన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. ఇంకొకటి, ఎస్టీ హోదా మతాన్ని బట్టి వచ్చేది కాదు. "మీ దేవుణ్ణి ఇట్లా మొక్కితే సర్టిఫికెట్ పోతుంది" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

జనాభా లెక్కల్లో మతం గడి వస్తుంది. 2011 లెక్కల్లో 49 లక్షలకు పైగా ఆదివాసీలు తమ మతం సర్నా అని రాయించుకున్నారు. వాళ్లకు విడిగా గడి లేదు, "ఇతర మతాలు" కింద రాయించారు. మన గడిలో ఏం రాయించాలో ఇంట్లో పెద్దలతో కూర్చుని మాట్లాడుకోండి. లెక్క రాసే మనిషి తనకు తోచింది రాసుకుపోతే ఊరుకోకండి.

ఇక రోజువారీ సంగతులు. దండారీ దీపావళికి ముందే మొదలవుతుంది, కాలేజీ సెలవు ఒక్కరోజే. నాగోబా వచ్చే జనవరి, ఫిబ్రవరిలోనే ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడతాయి. అన్నింటికీ రాలేరు. పరీక్ష మానేసి రమ్మని మేము చెప్పం, ఏ పేన్ కూడా అడగడు. కానీ సంవత్సరం మొదట్లోనే తేదీలు కనుక్కుని, సంవత్సరానికి ఒక్క పండుగకైనా వచ్చేటట్టు సెలవు చీటీ ముందే పెట్టండి. కారణం దగ్గర "జ్వరం" అని రాయకండి. "మా కుల దైవం పూజ" అని రాయండి. రాలేని పండుగ రోజు ఇంటికి ఫోన్ చేసి, మీ పేరు కూడా తలచుకుని మొక్కమని అడగండి.

నోవోంగ్ మీకు తెలుసు. కొత్త పంటను పేన్‌కు పెట్టకముందు మనం నోట పెట్టం. మెస్సులో పెట్టే అన్నం ఏ పొలానిదో, ఎప్పటిదో ఎవరికి తెలుసు? మా హాస్టల్‌లో కొందరు పిల్లలు మొదటి ముద్ద కంచం అంచున పెట్టి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని తింటారు. ఎవరూ నేర్పలేదు. ఆ ఒక్క క్షణంలో వాళ్లు ఊళ్లోనే ఉంటారు. అట్లా చిన్నదేదో ఒకటి మీరూ కనుక్కోండి.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్పే మాట. నెమలి ఈకల టోపీ పెట్టుకుని సెల్ఫోన్‌లో రీల్స్ చేస్తున్న తమ్ముళ్లూ, వినండి. గుస్సాడీ వేషం కాదు, దీక్ష. ఆ రోజుల్లో స్నానం చేయరు, నేల మీద పడుకుంటారు, కొలబొడి అయ్యేదాకా నియమం పాటిస్తారు. ఆ టోపీకి పూజ ఉంటుంది. ఎవరో నాయకుడు వస్తున్నాడని రోడ్డు మీద నిలబడి ఆడితే చప్పట్లు వస్తాయి, దీక్ష పోతుంది. మార్లవాయి కనకరాజు గారిని గుర్తు చేసుకోండి. ఆశ్రమ పాఠశాలలో దినకూలీగా పనిచేస్తూ జీవితమంతా గుస్సాడీని పిల్లలకు నేర్పారు. ఢిల్లీలో ఆడారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో మనల్ని విడిచిపోయారు. అంత దూరం పోయినా ఆయన మార్లవాయి మనిషిగానే ఉన్నారు.

నమ్మకం పేరుతో వదిలేయాల్సినవీ ఉన్నాయి. జ్వరం వస్తే, పాము కరిస్తే ముందు ఆసుపత్రి, మొక్కు తరువాత. పదహారేళ్ల పిల్లకు పెళ్లి చేయడం ఆచారం కాదు, నేరం. పూజకు చుక్క సారా పెడతామని చెప్పి నెలంతా తాగడం పేన్ కోసం కాదు. ఇవి చెప్పడం వల్ల మన దేవుడు చిన్నబోడు.

అట్లాగే మన నమ్మకం గట్టిగా ఉండాలంటే పక్కవాళ్లది తక్కువ కానక్కర్లేదు. రూమ్‌లో ఒకరు నమాజు చేస్తారు, ఒకరు చర్చికి పోతారు, ఒకరు దీపం పెడతారు. వాళ్లకు చోటివ్వండి. మనవాళ్లలోనే వేరే దారి ఎంచుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లతో చుట్టరికం తెంచుకోకండి. 25వ అధికరణ మనకెంతో వాళ్లకూ అంతే. వద్దన్నది మాత్రం ఒకటే, భయపడో సిగ్గుపడో మారడం.

చివరగా ఒక పని అప్పజెబుతున్నాం. టీచర్లం కదా, హోంవర్క్ లేకుండా ఎట్లా వదులుతాం? ఈ సెలవులు అయిపోయేలోపు మీ ఇంట్లో కాకో దగ్గరో, తాత దగ్గరో కూర్చుని మూడు సంగతులు అడగండి. మన గట్టు ఏది? మన పేన్ ఎక్కడ ఉన్నాడు? మనకు కథ చెప్పే పర్ధాన్ ఇల్లు ఏది? జవాబులు నోట్‌బుక్‌లో రాసుకోండి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. నేర్చుకున్నవాళ్లు ఆ లిపిలోనే రాయండి, రానివాళ్లు తెలుగులో రాయండి. ఆ నోట్‌బుక్ పెట్టెలో అన్నింటికంటే పైన పెట్టుకుని బస్సెక్కండి. పట్నంలో ఎవరైనా అడిగినప్పుడు తల దించాల్సిన పని ఉండదు.

బాగా చదవండి, ధైర్యంగా ఉండండి, పండుగకు రండి. జై సేవా! జై జంగుబాయి!