గుండె దగ్గర గుమాస్తా



కారణం తెలియకుండా 2 సార్లు స్పృహ తప్పి పడిపోయాను. ఈసీజీలో, 24 గంటల హోల్టర్ పరీక్షలో ఏమీ దొరకలేదు. అందుకని ఎడమ ఛాతీపై చర్మం కింద లూప్ రికార్డర్ అమర్చారు. చిటికెనవేలి కంటే చిన్నది. బ్యాటరీ సుమారు 3 ఏళ్లు వస్తుందన్నారు.

ఇది పేస్‌మేకర్ కాదు. గుండెను నడిపించదు, లయ తప్పితే నమోదు చేస్తుంది, అంతే. మన భాషలో చెప్పాలంటే, ఫైలు పుటప్ చేసే గుమాస్తా. ఉత్తర్వులిచ్చేది డాక్టరుగారే.

కళ్లు తిరిగితే, తేరుకోగానే రిమోటును ఛాతీ దగ్గర పెట్టి మీట నొక్కాలి. నేను లేవలేకపోతే మా ఆవిడ నొక్కుతుంది. తేదీ, వేళ నోటుబుక్కులో రాస్తుంది. కనుక మిత్రులారా, పిల్లలు కంగారుపడతారని పడిపోయిన సంగతి దాచకండి. ఇంట్లో తెలియాలి, డాక్టరుకు చేరాలి.

సెలవు.